పదిహేడో చుక్క

"డబ్బా తిరిగొచ్చింది ఆంటీ. దాన్ని తీసుకపోయిన మనిషి రాలే."

రుక్మాబాయితో మనస్విని చెప్పిన మొదటి మాట అదే.

లాల్‌దర్వాజాలో ఆమె తండ్రి సోమశేఖర్ వర్క్‌షాపు అంటే ఒక్క గది. వినికిడి మిషన్లు బాగుచేస్తాడు, చెవులు పరీక్షిస్తాడు. మంగళవారం పొద్దున పదిన్నరకు, తాను కొత్తగా తయారుచేసిన ఒక డబ్బాను సంచిలో పెట్టుకుని హుస్సేనీ ఆలంలో విఠల్‌రావు సేట్ ఇంటికి బయల్దేరాడు. సాయంత్రం నాలుగింటికి ఎవరో ఆటోవాలా ఆ డబ్బాను గుమ్మంలో పెట్టి, "మీ సార్ మర్చిపోయిండంట, సేట్ పంపిండు" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఇప్పుడు గురువారం, ఉదయం పదీ పదిహేను.

"పోలీసులేమన్నరు?" రుక్మాబాయి అడిగింది.

"రాసుకున్నరు. పెద్దమనిషి, చిన్నపిల్లగాడు కాదు, వస్తడు లే అన్నరు. నాన్న కండ్లద్దాలు మర్చిపోతడు, చెప్పులు మర్చిపోతడు. ఈ డబ్బా మర్చిపోడు."

రుక్మాబాయికి యాభై ఎనిమిదేళ్ళు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఏ తీగ ఎక్కడ తెగిందో విని చెప్పడం ఆమె ఉద్యోగం. రిటైరయ్యాక యాకుత్‌పురాలో తన ఇంటి ముందుగదిలోనే డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఇప్పుడు సోమశేఖర్ వర్క్‌షాపులో, అతని బల్ల ముందు కూర్చుని డబ్బాను దగ్గరికి లాక్కుంది. టిఫిన్ డబ్బా అంత ఉంది. నాలుగు మీటలు, చిన్న తెర, రెండు తీగలు. తీగల చివర రూపాయి బిళ్ళల్లాంటి రెండు బిళ్ళలు.

"గిది ఏం చేస్తది? నాకు సమజయ్యేటట్టు చెప్పు."

మనస్విని ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. రెండు రాత్రులుగా నిద్ర లేకపోయినా ఆమె గొంతులో తడబాటు లేదు.

"సౌండ్ పుట్టిస్తది. ఏ సౌండు, ఎన్ని సెకండ్లు, ఎన్నిసార్లు అని మనం ముందే రాసిపెడ్తే అదే వరుసల పంపుతది. ఒక బిళ్ళ పంపేది, ఇంకోటి వినేది."

"కొంటే దొరకదా?"

"నాన్న వారం రోజులు కోఠీ దుకాణాలన్నీ తిరిగిండు. ఒక రకం ఇరవై వేల హెర్ట్జ్ కాడ ఆగుతది, మనిషి చెవి ఆగేది గూడ ఆడ్నే. ఇంకో రకం లక్షల దాకా పోతది గానీ కరెంటు ప్లగ్గు కావాలె, లోపల ఫ్యాన్ మోత. వినపడే సౌండు, వినపడని సౌండు రెండూ ఒకే దాంట్ల ఉండాలె, బ్యాటరీ మీద నడవాలె, సప్పుడు చెయ్యొద్దు అన్నడు. గట్లాంటిది దొరకలే. తనే కట్టుకున్నడు."

"చెవి పరీక్షకు వినపడని సౌండ్ ఎందుకు?"

"చెవికి కాదు, గోడకు. విఠల్‌రావు సేట్ మొదలు చెవులు చూపిచ్చుకునేటందుకే వచ్చిండు. మధ్యాహ్నం పూట ఇంట్ల గోడ లోపల నుంచి ఎవరో మూలిగినట్టు వినపడ్తదని. చెవులు మంచిగున్నయ్. అయితే గోడనే పరీక్ష చెయ్యుమన్నడు. వినపడని సౌండ్‌ను గోడలకు పంపితే అది అవతలి అంచు దాకా పోయి తిరిగొస్తది. లోపల గుల్ల ఉంటే ఆడికెల్లే తిరిగొస్తది. ఎంత సేపట్ల తిరిగొచ్చిందో చూస్తే గుల్ల ఎంత లోతుల ఉన్నదో తెలుస్తది."

బల్ల మీద మేకుకు గుచ్చిన కాగితాల్లోంచి రుక్మాబాయి ఒకటి తీసింది. సోమశేఖర్ చేతిరాత. 'సేట్ అడిగినది: 300 నుంచి 3400. నాకు కావలసింది: 54 వేలు.' ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి బ్యాగులో పెట్టుకుంది.

"ఆంటీ, అసలు సంగతి గిది." మనస్విని మీట నొక్కింది. తెర మీద అంకెలు వరుసగా పైకి జరిగాయి. "ఇది చేసిన ప్రతి పనిని టైంతో సహా దాచుకుంటది. తిరిగి పంపినోళ్ళకు ఆ ముచ్చట తెల్వదు."

మంగళవారం 11:06కు మొదలయింది. గోడ మీద ఒక్కో చోట వినపడని సౌండ్. ఒకటి, రెండు, మూడు, ఒకటిన్నర నిమిషానికి ఒకటి చొప్పున పదహారు దాకా. 11:31కి పదిహేడు. ఆ తర్వాత మళ్ళీ పదిహేడు. మళ్ళీ పదిహేడు. ఆరుసార్లు అదే చోటు. అప్పుడు ముప్పై దాకా వెళ్ళి, 11:58కి వెనక్కి తిరిగి పదిహేడుకే వచ్చాడు.

12:10కి చేత్తో రాసిన కొత్త ప్రోగ్రాం మొదలయింది. వినపడే సౌండ్, ఎనిమిది వందల హెర్ట్జ్. మూడు కూతలు. నిమిషం ఖాళీ. 12:12కు రెండు కూతలు. నిమిషం ఖాళీ. 12:15కు ఐదు. 12:17కు మళ్ళీ ఐదు. 12:21కి డబ్బా ఆగిపోయింది.

"గోడ పరీక్ష గిట్ల చెయ్యరు," అంది మనస్విని. "మూడు, రెండు, ఐదు... దీనికి అర్థమే లేదు."

రుక్మాబాయి తెర మీద ఆ అంకెల కింద వేలు పెట్టింది.

"అర్థం ఉన్నది బేటా. చచ్చిన లైన్ మీద మేము గిట్లనే చేసేటోళ్ళం. మూడు కొడ్తం. అవతలికెల్లి మూడు తిరిగొస్తే, మళ్ళ రెండు కొడ్తం. రెండు తిరిగొస్తే, తీగ సప్పుడు కాదు, అవతల మనిషి ఉన్నడని అర్థం."

మనస్విని తెర మీంచి తల ఎత్తింది.

"గోడకు అవతల ఎవరుంటరు ఆంటీ?"

* * *

పదకొండూ ఇరవై ఐదుకు వాళ్ళు హుస్సేనీ ఆలంలో విఠల్‌రావు ఇంటి హాల్లో కూర్చున్నారు. పూజాసామాను హోల్‌సేల్ వ్యాపారి. అరవై ఏడేళ్ళు. తెల్లటి ధోవతి, మెడలో తులసిమాల. అతని పక్క కుర్చీలో రుక్మాబాయి ఎదురుచూడని మనిషి ఉన్నాడు. శ్రవణ్‌కుమార్. ఆమె దగ్గరే రెండేళ్ళు పని నేర్చుకుని, ఆమె క్లయింట్లలో సగం మందిని వెంట తీసుకెళ్ళి సొంత ఏజెన్సీ పెట్టుకున్నవాడు.

"సేట్ నన్ను పెట్టుకున్నడు అక్కా," అన్నాడు నవ్వుతూ. "నువ్వు అడిగేది అడుగు. నేను వింట."

రుక్మాబాయి అతని వైపు చూడలేదు.

"సోమశేఖర్ ఎన్నింటికి వచ్చిండు సేట్?"

"పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ."

"పోయింది?"

"పావు తక్కువ పన్నెండు. ఏం లేదు సేట్, పాత సున్నం గోడ, లోపల గాలి తిరుగుతది, ఫికర్ చెయ్యకుండ్రి అన్నడు. గుమ్మం దాకా సాగనంపిన. తర్వాత చూస్తే డబ్బా ఈడ్నే ఉన్నది."

"ఇంట్ల ఇంకెవరుంటరు?"

"నేను, మా అక్క నాగమణమ్మ. అక్క కాశీయాత్రకు పోయి ఇయ్యాళ్టికి నెలన్నర."

"ఫోన్ చేస్తదా?"

"ఆమెకు ఫోన్ అలవాటు లే."

"గోడలకెల్లి ఆ సౌండ్ ఇంక వస్తున్నదా?"

విఠల్‌రావు తులసిపూసను వేళ్ళ మధ్య తిప్పాడు. "తగ్గింది. మంగళారం నుంచి మస్తు తగ్గింది."

శ్రవణ్ ముందుకు వంగాడు. "ఇగ నేను చెప్త అక్కా. ఆ రోజు సేట్ అల్మారాల నుంచి నాగమణమ్మ బంగారు గాజులు రెండు పోయినయ్. సోమశేఖర్ పోయినంక చూసుకున్నరు. మనిషి మాయమైంది అందుకే. ఇది కేసే కాదు."

మనస్విని లేచి నిలబడింది. "మా నాన్న దొంగ అంటున్నవా?"

"నేనంటలేను మేడమ్. గాజులు అంటున్నయ్."

"శ్రవణ్," రుక్మాబాయి గొంతు పెంచలేదు. "గాజులు దొంగతనం చేసి పారిపోయేటోడు నెల రోజులు కూర్చుని తన చేతితో కట్టుకున్న డబ్బాను గుర్తు కోసం ఈడ పెట్టి పోతడా? పావు తక్కువ పన్నెండుకు పోయిన మనిషి పన్నెండూ పదిహేడుకు ఈ గోడకు సౌండ్ ఎట్ల పంపిండు?"

డబ్బా తెరను అతని ముందుకు తిప్పింది. శ్రవణ్ చదివాడు. నవ్వు కొంచెం తగ్గింది.

"దాంట్ల గడియారం తప్పుండొచ్చు."

"నీ ఫోన్ తీయి."

తీశాడు. 11:41:20. డబ్బా తెర మీద కూడా 11:41:20. ఇద్దరూ చూస్తుండగా రెండూ కలిసి ఇరవై ఒకటికి మారాయి.

"టెలిఫోన్ జమానా అక్కా నీది," అన్నాడు శ్రవణ్ మొహం ఎర్రబడి. "నా క్లయింట్‌ను నా ముందే అబద్ధాలకోరు అంటవా? సేట్ ముసలోడు, భయపడ్డడు, టైం మర్చిపోయిండు. అంతే."

"అంతే అయితే మంచిదే. ఆ గోడ చూపియ్యుండ్రి సేట్."

విఠల్‌రావు కుర్చీలోంచి లేవలేదు. "మళ్ళ ఎందుకమ్మా? చూసింది చాలదా?"

"చూపియ్యుండ్రి సేట్," అన్నాడు శ్రవణే చిరాగ్గా. "చూసుకొని పోతరు."

* * *

ఇంటి వెనుక భాగంలో కిటికీ లేని గది. పట్టపగలే లైటు వెయ్యాల్సి వచ్చింది. ఎదురుగా సున్నపు గోడ. దాని మీద చాక్‌పీసుతో పెట్టిన చుక్కలు, పక్కన చిన్న అంకెలు. రుక్మాబాయి వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. పద్నాలుగు, పదిహేను, పదహారు. తర్వాత అరచెయ్యంత మేర గోడ ఉత్తగా ఉంది. దాని తర్వాత పద్దెనిమిది.

"పదిహేడును తుడిచిన్రు," అంది. "తడిగుడ్డతో. ఆడ సున్నం రంగు మారింది చూడు. తక్కిన ఇరవై తొమ్మిది ఎవ్వరికీ అడ్డం రాలే, అదొక్కటే అడ్డమొచ్చిందా సేట్?"

శ్రవణ్ విఠల్‌రావు వైపు మొదటిసారి కాస్త అనుమానంగా చూశాడు.

మనస్విని పంపే బిళ్ళను, వినే బిళ్ళను ఆ ఖాళీచోట గోడకు ఆనించి టేపు అంటించింది. రుక్మాబాయి హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ముప్పై ఏళ్ళ అలవాటు. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి.

"మూడు పంపు."

గోడలోకి మూడు కూతలు వెళ్ళాయి. గదిలో ఉన్నవాళ్ళకు దోమ మోత అంత కూడా వినపడలేదు. హెడ్‌ఫోన్‌లో సున్నపు గోడ పెద్ద చెవిలా హోరుమంటోంది. పది సెకన్లు. ఇరవై. శ్రవణ్ గడియారం చూసుకున్నాడు.

టక్.

రుక్మాబాయి వేలు పైకి లేచింది.

టక్. టక్.

"రెండు పంపు," అంది. ఆమె గొంతు ఆమెకే దూరంగా వినిపించింది. ఈసారి జవాబు తొందరగా వచ్చింది. చాలా నీరసంగా, గోటితో కొట్టినట్టు, రెండు.

హెడ్‌ఫోన్ తీసి మనస్విని చేతికిచ్చింది. "తీగను స్పీకరుకు పెట్టు. అందరూ వినాలె. ఐదు పంపు."

ఐదు కూతలు. చాలాసేపు హోరు. తర్వాత గోడ లోపలి నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఐదోది వస్తుందో రాదో అన్నంత ఆలస్యంగా వచ్చింది.

"నాన్నా!" మనస్విని రెండు చేతులతో గోడను కొట్టింది. "నాన్నా, నేనే! నాన్నా!"

శ్రవణ్ గోడ దగ్గరి నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. "సేట్, గోడల మనిషున్నడు!"

విఠల్‌రావు గోడకు చేరగిలబడి నేల మీద కూర్చున్నాడు. "దయ్యం. నేను చెప్పలే? నేను చెప్తనే ఉన్న. దయ్యం."

అప్పుడే మనస్విని ఫోన్ మోగింది. కొత్త నంబరు. కట్ చెయ్యబోయి, ఆగి, ఎత్తింది.

"సోమశేఖర్ గారి అమ్మాయేనా?" ఎవరో నర్సు గొంతు. "మంగళవారం మధ్యాహ్నం యాకుత్‌పురా స్టేషన్ బెంచీ మీద స్పృహ లేకుండా ఉంటే మా ఆసుపత్రికి తెచ్చారమ్మా. జేబులో ఫోన్ గానీ, కాగితం గానీ లేదు. పేరు తెలియని పేషెంటని రాశాం. ఇప్పుడే తెలివొచ్చి మీ నంబరు చెప్పారు. ప్రమాదం లేదు. మాట్లాడతారట."

మనస్విని ఫోన్‌ను అందరికీ వినిపించేలా పట్టుకుంది. ఒక చెయ్యి ఇంకా గోడ మీదే ఉంది. ఫోన్‌లో బొంగురుగా సోమశేఖర్ గొంతు వినిపించింది.

"బేటా... చాయ్ తాగిన, అంతే యాదున్నది. విను. ఆ సేట్ ఇంట్ల గోడల ఆడమనిషున్నది, మూలుగు విన్న. నేను ఐదు కొడ్తే ఐదు కొట్టింది. నీళ్ళియ్యుండ్రి... ముందుగాల్ల ఆమెకు నీళ్ళియ్యుండ్రి."

స్పీకర్లోంచి గోడ హోరు వినిపిస్తూనే ఉంది. అందులో, ఎవరూ ఏమీ పంపకుండానే, టక్ మని ఒక్క దెబ్బ.

"మా నాన్న ఆడ ఉంటే," మనస్విని గోడ మీంచి చెయ్యి తీసేసింది, "ఈడ ఎవరున్నరు?"

రుక్మాబాయి విఠల్‌రావు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బ్యాగులోంచి కాగితం తీసి అతని కళ్ళ ముందు పట్టుకుంది.

"మూడు వందల నుంచి మూడు వేల నాలుగు వందలు. ఇది నువ్వు అడిగింది సేట్. ముప్పై ఏండ్లు నేను బతికింది ఈ రెండు అంకెల నడుమనే. టెలిఫోన్ తీగ మీద మనిషి గొంతు పోవాల్నంటే గంతే కావాలె. నువ్వు నోటితోని ఏదో అడిగితే సోమశేఖర్ దాన్ని అంకెల్లకు మార్చి రాసుకున్నడు. ఏమడిగినవ్? మాట్లాడితే గోడ దాటుతదా, అరిస్తే ఎంత దూరం వినపడ్తది, ఏడ పూడ్వాలె అనే కదా?"

విఠల్‌రావు కళ్ళు మూసుకున్నాడు.

"దయ్యానికి భయపడ్డోడు సౌండ్ ఎందుకొస్తదని అడుగుతడు. నువ్వు బయటికి ఎంత వస్తదని అడిగినవ్. చెవులు చూపిచ్చుకున్నది గూడ అందుకే. నీకే వినపడ్తదా, వచ్చినోళ్ళందరికీ వినపడ్తదా అని. వినపడని సౌండ్ నువ్వు అడగలే. అది సోమశేఖర్ తన పట్టుదలకు పెట్టుకున్నడు. అదే లోపల గది ఉన్నదని చెప్పింది. నాగమణమ్మ కాశీకి పోలే. అవునా?"

"ఇల్లు అమ్మనియ్యలే," అన్నాడు విఠల్‌రావు. ఏడుపు లేదు, కోపం లేదు. "ఇల్లు కొనేటోళ్ళు ఆదివారం చూసేటందుకు వస్తున్నరు. సంతకం పెట్టేదాకా ఉండుమన్న. తిండి పెట్టిన, నీళ్ళు పెట్టిన. మంగళారం ఆయన ఆ సప్పుడు పట్టిండు. చాయ్‌ల మందు కలిపి ఆయనను ఆటోల పంపిచ్చినంక భయమైంది. అప్పటికెల్లి తలుపు తీయలే."

రెండు రోజులు. ఈ ఎండాకాలంలో.

"తాళంచెవి," అన్నాడు శ్రవణ్. రుక్మాబాయి అతని గొంతులో ఇంత కోపం ఎప్పుడూ వినలేదు. విఠల్‌రావు నడుముకున్న తాడు నుంచి పొడవాటి ఇనుప తాళంచెవి తీసి ఇచ్చాడు. "సామాన్ల గదిల, చెక్క అల్మారా వెనుక."

శ్రవణ్ నీళ్ళ బాటిల్ అందుకుని, పోలీసులకు ఫోన్ చేస్తూనే పరుగెత్తాడు. కాసేపట్లో అవతల బస్తాలు లాగుతున్న చప్పుడు మొదలయింది.

"అప్పటిదాకా ఆమెను తెలివిల ఉంచాలె," అంది రుక్మాబాయి. "నా మాట గోడ లోపలికి పోతదా?"

మనస్విని కళ్ళు తుడుచుకుని డబ్బాకు ఒక చిన్న మైకు తగిలించింది. "గాల్ల అంటే దాటదు. బిళ్ళ గోడకే ఆని ఉన్నది కదా, దాంతో పోతది. మెల్లగ మాట్లాడుండ్రి."

"అమ్మా, నా పేరు రుక్మాబాయి. తలుపు తీస్తున్నరు. అవునంటే ఒకటి కొట్టు. కాదంటే రెండు. నువ్వు నాగమణమ్మవేనా?"

టక్.

"దెబ్బలేమన్న తగిలినయా?"

టక్. టక్.

"మంచిది. నీళ్ళు తెస్తున్నరు. అయిదు నిమిషాలు. చీకట్ల ఒక్కదానివే ఉన్నవు, భయపడకు. ఒక్కదానివే ఉన్నవు కదా?"

హోరు. బస్తాలు లాగుతున్న చప్పుడు. తర్వాత, తొందర లేకుండా:

టక్. టక్.

మనస్విని రుక్మాబాయి మోచెయ్యి పట్టుకుంది. సరిగ్గా వినలేదేమో అనుకుని రుక్మాబాయి మళ్ళీ అడిగింది. "నీతోని ఇంకొకరున్నరా?"

టక్.

"ఆ మనిషి మాట్లాడ్తరా?"

రెండు.

రుక్మాబాయి గోడకు ఇంకా దగ్గరికి జరిగింది. మైకును పెదవుల దగ్గరికి తెచ్చుకుంది. "బతికున్నరా అమ్మా?"

ఈసారి జవాబు రావడానికి నిమిషం పట్టింది. మొదటి దెబ్బ తర్వాత మళ్ళీ హోరు. రెండోది కూడా వచ్చింది.

రుక్మాబాయి వెనక్కి తిరిగింది. "లోపల ఇంకెవర్ని పెట్టినవ్?"

విఠల్‌రావు మొహంలో ఆశ్చర్యం లేదు. అతను గోడను కాదు, తన ఖాళీ అరచేతిని చూసుకుంటున్నాడు.

"నేనెవ్వర్నీ పెట్టలే. ఆ తాళంచెవి మా బాపు చచ్చిపోయేటప్పుడు నా చేతుల పెట్టిండు. ఎప్పుడన్న ఆ గది తీయాల్సొస్తే ఎడమ దిక్కు చూడకు బిడ్డా అన్నడు. నలభై ఏండ్లాయె. అక్కకు అన్నం పెట్టేటందుకు పోయినప్పుడు గూడ నేను చూడలే."

సామాన్ల గదిలో తాళంచెవి గరగరమని తిరిగి తలుపు కిర్రుమంది. శ్రవణ్ అరుపు ఇల్లంతా వినపడింది. "బతికే ఉన్నది! అక్కా, నాగమణమ్మ బతికే ఉన్నది! నీళ్ళు తాగుతున్నది!"

మనస్విని ఏడుస్తూ అటు పరుగెత్తింది. రుక్మాబాయి కూడా లేచింది. గుమ్మం దాకా వచ్చేసరికి స్పీకర్లో శ్రవణ్ గొంతు మళ్ళీ వినిపించింది. అతనిప్పుడు గోడకు అవతల, పదిహేడో చుక్క దగ్గరే నిలబడి ఉండాలి. ఈసారి అరవడం లేదు. ఎవరినో లేపకూడదన్నట్టు చాలా మెల్లగా మాట్లాడుతున్నాడు.

"అక్కా... మనస్వినిని లోపలికి రానియ్యకు. ఎడమ దిక్కు ఉన్నది ఒక్కరు కాదు."